కాశీలో బస ఎక్కడ?

నిత్యపూజలో సంకల్పం చెప్పుకునే ప్రతి గృహస్థుకూ ఒక చిన్న మాట పరిచితమే. దేశకాలాలను కీర్తించి, ఏ నదికి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకుని, చివరకు మనం కూర్చున్న ఇంటిని పేర్కొంటాం. సొంత ఇల్లు గలవారు ‘స్వగృహే’ అనీ, అద్దె ఇంట ఉన్నవారు ‘వసతి గృహే’ అనీ పలకడం మన పూజావిధానాల్లో కనిపించే ఆచారం. సర్వాంతర్యామికి మన చిరునామా తెలియక కాదు. ఎక్కడ ఉండి కర్మ ఆచరిస్తున్నామో, ఆ చోటు కూడా ఆ కర్మలో ఒక అంగమేనని పెద్దల భావం.

కాశీకి బయలుదేరేవారు ముందుగా మా ఆలయానికి వచ్చి ఎన్నో సందేహాలు అడుగుతుంటారు. ప్రయాణానికి ఏ తిథి మంచిది? పితృకార్యం ఏ ఘాట్‌లో చేయాలి? ఏ కాయ వదలాలి, ఏ పండు వదలాలి? అన్నిటికీ తోచిన సమాధానం చెప్పి, ‘మరి బస ఎక్కడ?’ అని నేను ఎదురు అడుగుతాను. ‘ఏదో ఒకటి దొరక్కపోదు లెండి, రాత్రి నడుం వాల్చడానికే కదా’ అన్నది చాలామంది జవాబు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అందుకు మూల్యం చెల్లించింది మాత్రం నేను కాదు, మా అమ్మ.

రోజుకు నలభై రూపాయలు

అది 1994వ సంవత్సరం, మాఘమాసం. అమ్మకు అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులు ముదరకముందే ఆమెకు గంగాస్నానం చేయించాలని బయలుదేరాను. రైలు దిగగానే స్టేషన్‌కు దగ్గరలో ఒక లాడ్జి కనిపించింది. ఘాట్ల వైపు గదులకంటే రోజుకు నలభై రూపాయలు తక్కువ. మూడు రాత్రులకు నూట ఇరవై మిగులుతాయని లెక్క వేసుకుని, సంతోషంగా సామాను దించాను.

మరునాడు తెల్లవారుజామున బయట అడుగు దూరంలో మనిషి కనిపించనంత మంచు. రిక్షా కోసం అరగంట నిలబడ్డాం. నాలుగైదు కిలోమీటర్లు చలిలో ప్రయాణించి గొదౌలియా కూడలిలో దిగి, అక్కడి నుండి దశాశ్వమేధ ఘాట్ వరకు నడిచి, మెట్లు దిగి స్నానం, మళ్లీ మెట్లెక్కి విశ్వనాథుని గల్లీలో వరుస. దర్శనమై గదికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సాయంకాలం గంగాహారతికి మళ్లీ అదే దారి. రాత్రి అమ్మ కాళ్లు వాచి ఉండడం చూశాను గానీ, ఆమె ఏమీ అనలేదు.

మూడవ నాటి ఉదయం నేను లేపబోతే, ‘నువ్వు వెళ్లిరా నాయనా, నాకు చెంబుడు గంగ తీసుకురా చాలు’ అంది. ఎంత బతిమాలినా లేవలేకపోయింది. జన్మంతా ‘కాశీ కాశీ’ అని తలచిన మనిషి, కాశీలో ఉన్న మూడు రోజుల్లో ఒక పూర్తి రోజు రైలు కూతలు వింటూ నాలుగు గోడల మధ్య గడిపింది. ఊరికి వచ్చాక ఇరుగుపొరుగుతో ‘మా అబ్బాయి నాకు బ్రహ్మాండంగా కాశీ చూపించాడు’ అని చెప్పుకుంది. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రెండేళ్ల తరువాత ఆమె కాలం చేసింది. మళ్లీ తీసుకువెళ్లే అవకాశం నాకు రాలేదు.

‘ఉపవాసం’ చెప్పే రహస్యం

సంస్కృతంలో ‘వస్’ అనే ధాతువుకు నివసించడం అని అర్థం. వసతి, నివాసం, ఉపవాసం అనే మాటలన్నీ దాని నుండి పుట్టినవే. ‘ఉప’ అంటే సమీపం. కనుక ఉపవాసమంటే సమీపంలో నివసించడమే. యాగానికి ముందునాడు దేవతలు యజమాని ఇంటికి వచ్చి అతని సమీపంలో వసిస్తారనీ, అతిథులు భుజించకముందు గృహస్థు భుజించరాదు గనుక ఆనాడు ఆహారనియమం ఏర్పడిందనీ శతపథ బ్రాహ్మణం వివరిస్తుంది. అన్నం మానడం ఉపవాసానికి ఫలితమే గాని, మూలార్థం సామీప్యమే. క్షేత్రంలో బసకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఏ దైవం కోసం వెళ్లామో ఆ దైవానికి దగ్గరగా ఉండడమే బస.

శరీరం సంగతి తరువాత చూసుకోవచ్చునని అనుకునేవారు వ్యాసమహర్షి కథ జ్ఞాపకం చేసుకోవాలి. కాశీలో శిష్యులతో కూడి ఉన్న వ్యాసునికి పరమేశ్వరుని పరీక్ష వలన భిక్ష దొరకలేదు. ఆకలి బాధకు తాళలేక, వేదాలను విభజించిన అంతటివాడు కాశీనే శపించబోయాడు. అన్నపూర్ణమ్మ పిలిచి అన్నం పెట్టినా, విశ్వనాథుడు ఆయనను క్షేత్రం విడిచి పొమ్మన్నాడు. ఆ వ్యాసుడే దక్షారామానికి వచ్చిన వైనాన్ని మన శ్రీనాథుడు భీమఖండంలో వర్ణించాడు. గంగ ఆవలి ఒడ్డున ఉన్న రామ్‌నగర్ కోటలో నేటికీ వ్యాసుని ఆలయం ఉంది. ఆకలి, అలసట వ్యాసునంతటివానినే చలింపజేస్తే, మోకాళ్ల నొప్పితో వచ్చిన మన తల్లిదండ్రుల మాట ఏమిటి?

ముందు లెక్క వేయవలసింది అద్దె కాదు

కాశీకి వెళ్లేముందు ఒక కాగితం మీద, ఏయే చోట్లకు ఎన్నెన్ని సార్లు వెళ్లాలో రాసుకోండి. మూడు రాత్రుల యాత్ర అనుకుందాం. గంగాస్నానం మూడుసార్లు, విశ్వనాథ, అన్నపూర్ణ, విశాలాక్షి దర్శనాలకు రెండుసార్లు, సాయంకాలపు హారతికి రెండుసార్లు. ఈ ఏడు పర్యాయాలూ దశాశ్వమేధ ఘాట్ పరిసరాలకే. దుర్గాకుండ్, తులసీ మానస మందిరం, సంకట మోచన హనుమంతుడు, హిందూ విశ్వవిద్యాలయంలోని విశ్వనాథ మందిరం, ఇవన్నీ దక్షిణ దిక్కున ఉన్నవి గనుక ఒక పూట ఆటోలో కలిపి చూడవచ్చు. సుమారు పది కిలోమీటర్ల దూరంలోని సారనాథ్ మరొక పూట. క్షేత్రపాలకుడు కాలభైరవుని దర్శనానికి, పంచగంగా ఘాట్‌లోని బిందుమాధవునికి ఇంకొక పూట.

దీని నుండి తేలేది ఒక్కటే. ఎక్కువసార్లు వెళ్లవలసిన చోటికి దగ్గరగా బస ఉండాలి, ఒక్కసారి వెళ్లే చోటికి బండి కట్టించుకోవాలి. కాశీయే కాదు, ఏ నగరం చూడబోయినా ఈ లెక్క పనికి వస్తుంది.

ఇక అద్దె సంగతి. దూరంగా ఉన్న గది రోజుకు రూ.300 చౌక అనుకుందాం. కుటుంబం రోజుకు రెండుసార్లు వెళ్లి రావాలంటే నాలుగు ఆటో ప్రయాణాలు. ఒక్కొక్కటి రూ.150 చొప్పున చూసుకున్నా రూ.600. మిగిలినది ఏమీ లేకపోగా పైన మూడు వందలు ఖర్చు. మధ్యాహ్నం గదికి వచ్చి ఒక గంట విశ్రమించే వీలు కూడా పోతుంది. వృద్ధులకు ఆ గంట విశ్రాంతే సాయంకాలపు హారతిని అందిస్తుంది.

కాశీలో ఏ దిక్కున ఏముంది?

మొదటిది గొదౌలియా, దశాశ్వమేధ ప్రాంతం. విశ్వనాథునికి అత్యంత సమీపం. మంగళహారతికి తెల్లవారుజామున మూడు గంటల లోపే వరుసలో ఉండవలసినవారికి ఇంతకు మించిన చోటు లేదు. ఆలయంలోకి సెల్‌ఫోన్లు, సంచులు అనుమతించరు. గది దగ్గరగా ఉంటే వాటిని అక్కడే వదలి నిశ్చింతగా వెళ్లవచ్చు. అయితే ఇక్కడ రద్దీ, శబ్దం, అద్దెలు మూడూ ఎక్కువే. గల్లీలలోకి కార్లు రావు. సామానుతో కొంత దూరం నడవక తప్పదు.

రెండవది కేదార ఘాట్, మానససరోవర ఘాట్, పాండే హవేలీ ప్రాంతం. దక్షిణాది యాత్రికులు తరతరాలుగా దిగే పేట ఇది. ఎరుపు, తెలుపు చారల మెట్లతో కేదార ఘాట్ గంగ మీది నుండి చూసినా గుర్తుపట్టవచ్చు. శ్రీరామతారక ఆంధ్రాశ్రమం ఈ ప్రాంతంలోనే ఉంది. తెలుగు మాట, తెలుగు భోజనం, తెలుగు పురోహితులు అందుబాటులో ఉంటారు. దశాశ్వమేధానికి ఘాట్ల వెంట నడిస్తే సుమారు ఒక కిలోమీటరు. 2021 డిసెంబరు 13న విశ్వనాథ ధామం ప్రారంభమైన తరువాత, లలితా ఘాట్ వైపు నుండి నేరుగా ఆలయానికి చేరే మార్గం ఏర్పడింది. నడవలేనివారు పడవలో ఘాట్ వరకు వెళ్లే వీలుంది. తొలిసారి పెద్దవారితో వెళ్లే తెలుగు కుటుంబాలకు నేను సూచించేది ఈ ప్రాంతమే.

మూడవది అస్సీ ఘాట్, లంక, దుర్గాకుండ్ ప్రాంతం. వీధులు కొంత విశాలం, ప్రశాంతత ఎక్కువ. ఆటోలు చాలాచోట్ల గుమ్మం దాకా వస్తాయి. కానీ దశాశ్వమేధం ఇక్కడికి మూడు కిలోమీటర్ల దూరం. నవరాత్రం, అంటే తొమ్మిది రాత్రులు కాశీవాసం చేయదలచినవారికి, నగరాన్ని నింపాదిగా చూడదలచిన యువకులకు ఇది అనుకూలం.

నాలుగవది స్టేషన్, కంటోన్మెంట్ ప్రాంతం. అర్ధరాత్రి దిగి తెల్లవారి వెళ్లిపోయేవారికి, ఒక్క పూట ప్రయాణం విరమించేవారికి తప్ప, యాత్రికులకు ఇది తగదు. నా అనుభవం పైన చెప్పాను. మరొక్క జాగ్రత్త. కొన్ని రైళ్లు కాశీలోకి రాకుండా దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, అనగా పూర్వపు మొగల్‌సరాయి మీదుగా పోతాయి. అది నగరానికి పదిహేను కిలోమీటర్లకు పైగా దూరం. పూర్వం మండువాడీ అని పిలిచిన స్టేషన్‌కు 2021 నుండి బనారస్ అని పేరు. టికెట్ మీద ఉన్న స్టేషన్ పేరు చూసుకుని, అక్కడి నుండి బసకు ఎలా చేరాలో ముందే నిశ్చయించుకోవాలి.

సత్రమా? హోటలా?

సత్రం అనగానే తక్కువరకమని భావించడం, హోటల్ అనగానే భోగమని తలచడం రెండూ పొరపాటే. సత్రం మన ధర్మంలో ఒక యజ్ఞం వంటిది. తమిళదేశపు నాటుకోట్టై నగరత్తార్లు కాశీలో 1813లోనే సత్రం స్థాపించి, విశ్వనాథుని పూజాద్రవ్యాల కైంకర్యాన్ని నేటికీ సాగిస్తున్నారంటే ఆ సంకల్పబలం ఎంతటిదో ఊహించవచ్చు. సత్రంలో అద్దె తక్కువ, భోజనం సాత్వికం, సాటి యాత్రికుల తోడు ఉంటుంది. అయితే కొన్ని సత్రాలు తమ కులంవారికి, సంఘంవారికి మాత్రమే గదులు ఇస్తాయి. కొన్నిచోట్ల ఒంటరిగా వచ్చినవారికి ఇవ్వరు. కొన్నిచోట్ల మూడు రోజులకు మించి ఉండనివ్వరు. భోజనానికి వేళ, పేరు నమోదు నియమాలుంటాయి. ఇవన్నీ బయలుదేరకముందే ఫోన్‌లో అడిగి తెలుసుకోవాలి. అక్కడ తక్కువ ఖర్చుతో ఉన్నవారు, వచ్చేటప్పుడు అన్నదానానికి తమ శక్తికొలది సమర్పించి రావడం ధర్మం.

వృద్ధులు, రోగులు, పసిపిల్లలు వెంట ఉన్నప్పుడు, సత్రంలో తగిన వసతి లేకపోతే, సాధారణమైన శుభ్రమైన హోటల్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. గంగ కనిపించే గదికి అద్దె బాగా ఎక్కువ. పగలంతా గంగ ఒడ్డునే ఉండేవారికి కిటికీలోంచి గంగ కనిపించకపోయినా నష్టం లేదు. మంచం పట్టిన పెద్దాయనో, నడవలేని తల్లో వెంట ఉంటే మాత్రం ఆ కిటికీయే వారికి క్షేత్రం. అప్పుడు ఆ అద్దె దండుగ కాదు.

గది తీసుకునే ముందు అడగవలసినవి

ఇరవై ఏళ్లుగా భక్తబృందాలను వెంటబెట్టుకుని వెళ్లిన అనుభవంతో ఈ ప్రశ్నలు రాసిపెట్టుకున్నాను. ఫోన్‌లోనే అడగండి.

ఆటో ఎంత దగ్గరకు వస్తుంది? అక్కడి నుండి ఎంత నడవాలి? ‘ఘాట్‌కు అయిదు నిమిషాలు’ అంటారు. అది పాతికేళ్ల కుర్రవాడి అయిదు నిమిషాలా, డెబ్బై ఏళ్ల అవ్వ అయిదు నిమిషాలా అని అడగాలి.

గది ఎన్నవ అంతస్తు? లిఫ్టు ఉందా? ఘాట్ల దగ్గరి పాతకాలపు మేడలలో మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. కూర్చుని లేవలేనివారికి కుర్చీ వంటి మరుగుదొడ్డి ఉందా? వేడినీళ్లు ఎన్ని గంటల నుండి వస్తాయి? నాలుగు గంటలకు స్నానం చేసేవారికి ఏడు గంటలకు వచ్చే వేడినీళ్లు నిరుపయోగం.

గది ఖాళీ చేయవలసిన వేళ ఏది? కొన్నిచోట్ల దిగిన గంట నుండి ఇరవై నాలుగు గంటలు, కొన్నిచోట్ల మధ్యాహ్నం పన్నెండుకే లెక్క. రైలు రాత్రికి ఉంటే సామాను ఉంచనిస్తారా? చెప్పిన అద్దెలో పన్ను కలిసి ఉందా? అదనపు పరుపుకు ఎంత? అందరి ఆధార్ కార్డులూ చూపాలా?

కిటికీకి కటకటాలు ఉన్నాయా అని కూడా అడగండి. కాశీలో కోతులు ప్రసాదం పొట్లానికీ, కళ్లజోడుకూ తేడా చూడవు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. సత్రాల పేరిట, హోటళ్ల పేరిట నకిలీ వెబ్‌సైట్లు పెట్టి బయానా వసూలు చేసే మోసగాళ్లు ఈ రోజుల్లో ఉన్నారు. ఇంతకు ముందు వెళ్లి వచ్చినవారి దగ్గర ఫోన్ నంబరు తీసుకోండి. ఆ నంబరుకు మాట్లాడి నిర్ధారించుకున్నాకే డబ్బు పంపండి. మొత్తం సొమ్ము ముందే పంపమంటే అనుమానించండి.

కాలాన్ని బట్టి బస

మహాశివరాత్రి, శ్రావణ సోమవారాలు, దేవదీపావళి జరిగే కార్తిక పౌర్ణమి రోజుల్లో గదులు దొరకడం కష్టం, అద్దెలు కూడా పెరుగుతాయి. 2025లో ప్రయాగలో మహాకుంభమేళా జరిగినప్పుడు కాశీ గల్లీలు సైతం కిక్కిరిసిపోయాయి. 2023లో గంగా పుష్కరాలకు మన తెలుగువారు వేలాదిగా కాశీకి తరలివెళ్లారు. ఇలాంటి సమయాల్లో వెళ్లదలచినవారు నెలల ముందే గది నిశ్చయించుకోవాలి. పర్వదినపు నియమం లేనివారు రద్దీ లేని వారం చూసుకుంటే, అదే ఖర్చుతో మెరుగైన గది దొరుకుతుంది.

వానాకాలంలో గంగ పొంగితే ఘాట్ల మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపివేస్తారు. ఘాట్ల వెంట నడిచే దారి ఉండదు. ఆ రోజుల్లో గల్లీల గుండా దారి ఎంతో కనుక్కోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు వలన రైళ్లు ఆలస్యమవుతాయి గనుక, రాత్రి ఎంతవేళకు వచ్చినా తలుపు తీస్తారా అని అడగాలి. వేసవి ఎండ తీవ్రం. పెద్దవారికి చల్లని గది విలాసం కాదు, అవసరం.

హరిశ్చంద్ర ఘాట్, మణికర్ణికల దగ్గర రాత్రింబవళ్లు చితులు మండుతూనే ఉంటాయి. కాశీ మహాశ్మశానం. అక్కడ ఆ దృశ్యం వైరాగ్యబోధకమే గాని అశుభం కాదు. అయినా పసిపిల్లలో, ఇటీవలే ఆప్తులను పోగొట్టుకున్నవారో వెంట ఉంటే వారి మనసు ఎరిగి, కొంత ఎడంగా గది తీసుకోవడం వివేకం.

మన పెద్దలు చూపిన దారి

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ దూరమెంత, నీటి వసతి ఎలా ఉంది, సామాన్లు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అని ఆయన ఎంతో శ్రద్ధగా నమోదు చేశారు. అంతటి భక్తుడు బస గురించి అంత వివరంగా రాయడం దేనికి? తన వెనుక రాబోయే యాత్రికుడు ఇబ్బంది పడకూడదని. యాత్రికునికి దారి చెప్పడం కూడా పుణ్యకార్యమే. వెళ్లి వచ్చినవారు తాము దిగిన చోటి మంచిచెడ్డలు నలుగురికీ చెప్పాలి.

2019లో నేను ధర్మపత్నితో కాశీకి వెళ్లాను. కేదార ఘాట్ గల్లీలో మొదటి అంతస్తులో చిన్న గది. గోడలకు సున్నం కూడా సరిగా లేదు గాని, పదిహేను మెట్లు దిగి నాలుగు అడుగులు వేస్తే గంగ. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి కేదారేశ్వరుని గుడిలో గంట మోగుతోంది. మంచం మీద లేచి కూర్చుని ఆ గంట ఆగేదాకా విన్నాను. ఇరవై అయిదేళ్ల క్రితం నేను మిగుల్చుకున్న నూట ఇరవై రూపాయలు గుర్తుకు వచ్చాయి. స్నానానికి దిగి, అమ్మ పేరున మూడు దోసిళ్ల తర్పణం విడిచాను. స్త్రీకి తిలోదకం దక్కుతుందేమో గాని, బతికుండగా దక్కవలసిన గంగ ఆ విధంగా తిరిగి దక్కదు.

కనుక కాశీకి గది వెతికే ప్రతి కుమారునికీ, ప్రతి కుమార్తెకూ నా విన్నపం ఒక్కటే. మీ బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఎవరో చూడండి. వారి కాళ్లతో దూరాన్ని కొలవండి. ఆ కొలతకు లోబడి, మీ శక్తికి తగిన అద్దెలో దొరికిన గదియే మీకు ‘వసతి గృహం’. అన్నపూర్ణా సమేత విశ్వేశ్వరుని అనుగ్రహంతో మీ యాత్ర నిర్విఘ్నంగా సాగి, వెళ్లినవారందరూ గంగను కనులారా, మనసారా దర్శింతురు గాక!